పాత జాగ్వార్‌కి కొత్త ఇంజిన్ ఎందుకు పెట్టలేదు?

మన వైమానిక దళం నడిపే జాగ్వార్ యుద్ధవిమానం గురించి చంద్రగిరి నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. మెకానికల్ ఆఖరి ఏడాది చదువుతోందట, నాన్నగారు రైలు పెట్టెలు బాగుచేసే తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపులో పని చేస్తారట. ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "సార్, జాగ్వార్‌కి ఇంజిన్ బలం చాలదని అందరూ అంటారు. కొత్త ఇంజిన్ పెట్టి, కొత్త క్షిపణులు తగిలిస్తే కొత్త విమానాలు కొనే ఖర్చు తప్పుతుంది కదా? మిగ్-21ని బైసన్‌గా మార్చారు, మిరాజ్‌ని మార్చారు. జాగ్వార్ ఇంజిన్ మార్పు మాత్రం 2019లో ఎందుకు వదిలేశారు? మన కావేరి ఇంజిన్ పెట్టుకోవచ్చు కదా?"

అమ్మా, నేను వైమానిక దళంలో ఇంజిన్ ఫిట్టర్‌గా చేరి వారెంట్ ఆఫీసర్‌గా బయటికొచ్చినవాణ్ణి. సర్వీసులో ఎక్కువ భాగం జాగ్వార్ ఇంజిన్ల దగ్గరే గడిచింది. చిత్తూరు మా ఊరు, ఇప్పుడు ఉండేది తిరుపతిలో. చెప్పకూడని విషయాలు చెప్పను. అందరికీ తెలిసిన వివరాలే తీసుకుని, హ్యాంగర్‌లో పని చేసినవాడికి అవి ఎలా కనిపిస్తాయో చెబుతాను.

మొదట నీ ఉదాహరణల సంగతి చూద్దాం. నువ్వు చెప్పిన రెండు విమానాల్లోనూ ఇంజిన్ మారలేదు. 1996లో ఒప్పందం చేసుకుని 125 మిగ్-21 బిస్ విమానాలను బైసన్‌గా మార్చారు. కొత్త కొప్యో రాడార్ వచ్చింది, ఆర్-73, ఆర్-77 క్షిపణులు వచ్చాయి, పైలట్ తల తిప్పిన వైపు గురి పెట్టే హెల్మెట్ వచ్చింది. ఇంజిన్ మాత్రం పాత ఆర్-25నే, మన కోరాపుట్ ఫ్యాక్టరీలో తయారైనదే. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పేదాకా అదే ఇంజిన్‌తో ఎగిరాయి. మిరాజ్-2000 కూడా అంతే. 2011 ఒప్పందంతో రాడార్, కాక్‌పిట్, కంప్యూటర్లు మార్చారు, మైకా క్షిపణులు కొన్నారు. ఎం53 ఇంజిన్ జోలికి పోలేదు. మిగ్-29 అప్‌గ్రేడ్‌లో ఇంజిన్ మారిందని కొందరంటారు. అక్కడ వచ్చింది ఆర్‌డీ-33లోనే మూడో సిరీస్. బలం దాదాపు అంతే, ఆయుష్షు ఎక్కువ, బిగించే చోటు అదే. 2024 సెప్టెంబర్‌లో సుఖోయ్‌ల కోసం 26,000 కోట్లకు 240 ఇంజిన్లు ఆర్డర్ చేశారు. అవి కూడా ఇప్పుడు విమానంలో ఉన్న ఏఎల్-31ఎఫ్‌పీలే. అరిగిపోయిన వాటి స్థానంలోకి అదే రకం కొత్తవి వస్తాయి. ఒక్కో ఇంజిన్‌కి వంద కోట్లు దాటుతుంది, చూసుకో. ఏ మార్పూ చేయకుండా, ఉన్న ఇంజిన్‌నే మళ్లీ కొనడానికి అయ్యే ఖర్చు ఇది.

అంటే స్క్వాడ్రన్‌లో పని చేస్తున్న యుద్ధవిమానంలోంచి ఒక కంపెనీ ఇంజిన్ తీసేసి మరో కంపెనీ ఇంజిన్ పెట్టడం అనేది మనం చేసి అలవాటున్న పని కాదు. రాడార్, ఆయుధాల మార్పు మాత్రం బాగా వచ్చు. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతాది సులభంగా అర్థమవుతుంది.

ఇంజిన్ దొరక్క ఒక మంచి విమానం ఎలా నష్టపోతుందో తెలియాలంటే హెచ్ఎఫ్-24 మారుత్ చరిత్ర చదువు. జర్మన్ డిజైనర్ కర్ట్ టాంక్‌ని రప్పించి బెంగళూరులో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ తయారు చేసిన విమానం అది. 1961 జూన్ 17న తొలిసారి ఎగిరింది. ఆకారం చూస్తే ధ్వని వేగాన్ని సునాయాసంగా దాటేలా ఉంటుంది. బ్రిటన్‌లో తయారవుతున్న, ఆఫ్టర్‌బర్నర్ (వెనక అదనంగా ఇంధనం మండించి ఇంకా గట్టిగా తోసే భాగం) ఉన్న ఆర్ఫియస్ ఇంజిన్ వస్తుందని లెక్కేసి గీశారు. ఆ ఇంజిన్ అభివృద్ధికి డబ్బు పెట్టడానికి బ్రిటన్ ఒప్పుకోలేదు, మన ప్రభుత్వమూ ఒప్పుకోలేదు. ఆఫ్టర్‌బర్నర్ లేని ఆర్ఫియస్‌లు రెండు పెట్టి సరిపెట్టుకున్నారు. ఈజిప్టు ఇంజిన్‌తో ప్రయత్నం జరిగింది, మన ఇంజినీర్లే ఆర్ఫియస్‌కి ఆఫ్టర్‌బర్నర్ కట్టే ప్రయత్నమూ జరిగింది. 1970 జనవరి 10న ఆఫ్టర్‌బర్నర్ బిగించిన ఆ ప్రయోగ విమానం కూలి టెస్ట్ పైలట్ గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్ చనిపోయారు. 1971 యుద్ధంలో మారుత్‌లు రాజస్థాన్ ఎడారిలో బాగానే పని చేశాయి, అది వేరే సంగతి. కానీ ఏ వేగం కోసం ఆ విమానాన్ని గీశారో ఆ వేగం అది ఎప్పుడూ చూడలేదు. మా సీనియర్లు ఇంజిన్ మార్పు అనే మాట వింటే ముఖం ఎందుకు అలా పెట్టేవాళ్లో నాకు ఆ కథ తెలిశాకే అర్థమైంది.

ఇక జాగ్వార్. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చేసిన విమానం. మనం 1978లో ఎంచుకున్నాం, 1979లో అంబాలాకి మొదటివి వచ్చాయి, తర్వాత బెంగళూరులో హెచ్ఏఎల్ కట్టింది. మనవాళ్లు పెట్టిన పేరు శంషేర్. నేలకు దగ్గరగా, వేగంగా, శత్రువు లోపలికి చొచ్చుకుపోయి రన్‌వే మీదో వంతెన మీదో బాంబులు వేసి రావడం దాని పని. ఆ పనికి తగ్గట్టే దాని రెక్క చిన్నది, కాబట్టి కింది గాలిలో పెద్దగా కుదుపు ఉండదు. పైలట్లు దానిమీద ప్రాణం పెట్టుకుంటారు. ఇంజిన్ విషయం వచ్చేసరికి మాత్రం నవ్వుతారు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే జాగ్వార్ నేల వదిలేదే కాదని బ్రిటిష్ పైలట్ల పాత జోక్ ఒకటుంది.

అంకెల్లో చెబుతాను. మన విమానాల్లో ఉన్న అడూర్ ఎంకే 811 ఇంజిన్ ఆఫ్టర్‌బర్నర్‌తో సుమారు 3,800 కిలోల థ్రస్ట్, అంటే ముందుకి తోసే బలం, ఇస్తుంది. రెండూ కలిపి 7.6 టన్నులు. పూర్తిగా నింపిన జాగ్వార్ బరువు 15.7 టన్నుల దాకా ఉంటుంది. అంటే బరువులో సగం కూడా థ్రస్ట్ లేదు. మిగ్-29కి రెండు ఇంజిన్లూ కలిపి 16.6 టన్నులు, పోల్చుకో. పైగా ఈ 7.6 టన్నులు చల్లటి ప్రామాణిక వాతావరణంలో, 15 డిగ్రీల దగ్గర కొలిచినవి. రోహిణి కార్తెలో రేణిగుంట రన్‌వే మీద నిలబడ్డావా ఎప్పుడైనా? 42 డిగ్రీల్లో గాలి సాంద్రత ప్రామాణిక లెక్కకన్నా దాదాపు 9 శాతం తక్కువ. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి తగ్గుతుంది, ఆ గాలిని నొక్కే కంప్రెసర్‌కి పని పెరుగుతుంది, వేడి వాయువుతో తిరిగే టర్బైన్ ముందు వేడి హద్దుకి తొందరగా చేరుతుంది. రెక్కకి దొరికే లిఫ్ట్ కూడా అదే పలచటి గాలిలోంచి రావాలి. మన జాగ్వార్‌లు ఉండేది అంబాలా, జామ్‌నగర్, గోరఖ్‌పూర్ లాంటి చోట్ల. మే నెలలో అక్కడ ఎండ మన రేణిగుంటకేమీ తీసిపోదు. టేకాఫ్‌లో ఒక ఇంజిన్ ఆగిందంటే రెండోది ఒక్కటే ఆ బరువుని మోయడం చాలా కష్టం. పైలట్ మొదట చేసే పని రెక్కల కింద వేలాడే ట్యాంకులు, బాంబులు వదిలేయడం.

అందుకే కొత్త ఇంజిన్ కావాలన్న మాట పుట్టింది. హనీవెల్ కంపెనీ ఎఫ్125ఐఎన్ అనే ఇంజిన్‌తో ముందుకొచ్చింది. తైవాన్ వాళ్ల చింగ్-కువో విమానంలో వాడిన ఇంజిన్ కుటుంబమే అది. ఒక్కోటి సుమారు 4,470 కిలోల థ్రస్ట్, పాతదానికన్నా 17 శాతం ఎక్కువ, బరువు తక్కువ, కంట్రోల్ అంతా డిజిటల్. 2007లోనే వైమానిక దళానికి చూపించారు. రోల్స్ రాయిస్ తన అడూర్‌లోనే మెరుగైన 821ని ఇస్తానంది. 2010లో టెండర్ పిలిచారు. కొంతకాలానికి రోల్స్ రాయిస్ తప్పుకుంది. పోటీలో ఒక్కరే మిగిలితే మన కొనుగోలు నిబంధనల ప్రకారం ఫైలు ముందుకి కదలదు. మళ్లీ మొదటికొచ్చింది. ఇలా సాగి సాగి 2019 ఆగస్టులో ఖర్చు తడిసి మోపెడవుతోందని మొత్తానికే వదిలేశారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను: 2010లో చేయాల్సింది, 2019లో మానుకోవడం సరైనదే.

ఎందుకో చెప్పాలంటే ఇంజిన్ మార్చడమంటే ఏమిటో చెప్పాలి. జాగ్వార్‌లో ఇంజిన్ కింది నుంచి దిగుతుంది. విమానం పొట్ట కింద పెద్ద తలుపులు తెరిచి, ట్రాలీ పెట్టి, మౌంట్ బోల్టులు విప్పి దించుతాం. రాటుదేలిన బృందానికి అది పెద్ద పని కాదు. అది చూసినవాళ్లకి 'ఇంకో ఇంజిన్ ఎక్కిస్తే పోలా' అనిపిస్తుంది. కానీ ఆ ఇంజిన్ తోయడం ఒక్కటే చేయడం లేదు. దాని గేర్‌బాక్స్ నుంచే జనరేటర్ తిరుగుతుంది, హైడ్రాలిక్ పంపు తిరుగుతుంది. దాని కంప్రెసర్ నుంచి తీసిన గాలితోనే కాక్‌పిట్ చల్లబడుతుంది. కొత్త ఇంజిన్ గేర్‌బాక్స్ ఇంకో మూల ఉంటే పైపులు, వైర్లు, బ్రాకెట్లు అన్నీ కొత్త దారి వెతుక్కోవాలి. ఇంజిన్ తేలికైతే సంతోషమే, కానీ వెనక బరువు తగ్గితే విమానం గురుత్వ కేంద్రం ముందుకి జరుగుతుంది. అదే సమయంలో ముక్కులో కొత్త రాడార్ పెట్టావనుకో, ఇంకా ముందుకి జరుగుతుంది. అప్పుడు తోక దగ్గర ఎదురు బరువు పెట్టాలి, లేదా పెట్టెలు అటూ ఇటూ మార్చాలి. మిగిల్చిన కిలోల్లో కొన్ని అక్కడే పోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం ఇన్‌టేక్, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే నోరు. ఇంజిన్ ఎంత గాలి మింగుతుందో దాన్నిబట్టే పక్కన ఆ నోరు ఎంత ఉండాలో డిజైనర్ నిర్ణయిస్తాడు. ఇజ్రాయెల్ వాళ్లు ఫ్రెంచి మిరాజ్ ఆకారం తీసుకుని అందులో అమెరికన్ జే79 ఇంజిన్ పెట్టి కఫీర్ చేశారు. ఇన్‌టేక్‌లు పెద్దవి చేయాల్సి వచ్చింది. ఇంజిన్ పొట్టిది కాబట్టి వెనక భాగం కురచ చేశారు. వేడి ఎక్కువ కాబట్టి టైటానియం కవచం కట్టారు, తోక మొదట్లో చల్లగాలి కోసం చిన్న నోరు అదనంగా పెట్టారు. విమానం బాగా వచ్చింది, కానీ దాన్ని ఇంజిన్ మార్పు అనలేం, సగం కొత్త విమానం. బ్రిటిష్ వాళ్ల ఫాంటమ్ కథ ఇంకా విచిత్రం. అమెరికన్ ఫాంటమ్‌లో తమ రోల్స్ రాయిస్ స్పే ఇంజిన్లు పెట్టుకున్నారు. బలం ఎక్కువ ఇంజిన్లే, కింది ఎత్తుల్లో దూకుడు పెరిగింది కూడా. కానీ ఇంజిన్ లావు కావడంతో ఇన్‌టేక్‌లు, వెనక భాగం వెడల్పయ్యాయి. గాలి నిరోధం పెరిగి, పై ఎత్తుల్లో గరిష్ఠ వేగం అమెరికన్ ఫాంటమ్‌కన్నా తగ్గిపోయింది! బలమైన ఇంజిన్ పెట్టి నెమ్మదించిన విమానం అన్నమాట.

మన తేజస్‌నే చూడు. ఎఫ్404 ఇంజిన్ బదులు ఇంకాస్త బలమైన ఎఫ్414 పెడదామని 2010లో నిర్ణయించారు. దానికి తగ్గట్టు విమానం పొడవు పెరిగింది, ముందు కానార్డ్ అనే చిన్న రెక్కలు వచ్చాయి, బరువు పెరిగింది. ఇప్పుడు మార్క్-2 అంటే పూర్తిగా వేరే విమానమే.

ఇప్పుడు ఎయిర్‌ఫ్రేమ్, అంటే విమానం ఒంటి నిర్మాణం సంగతి. ఇది నీకు ఇంట్లోనే తెలుసు. మీ నాన్నగారి షాపుకి రైలు పెట్టె పీఓహెచ్‌కి (కొన్నాళ్లకోసారి చేసే పూర్తి మరమ్మతుకి) వస్తే కింది చక్రాల చట్రాలు, బ్రేకులు, సీట్లు ఏవైనా మార్చి పంపుతారు. పెట్టె షెల్ తుప్పు పట్టి, దాన్ని మోసే సోల్‌బార్ (అడుగున పొడవాటి దూలం) బలం పోయిందంటే ఆ పెట్టెకి కొత్త చక్రాలు వేయడం దండగ అని ముందు నాన్నగారే చెబుతారు. విమానంలో ఆ లెక్క మరీ కచ్చితం. జాగ్వార్‌లో ఫెటీగ్ మీటర్ ఉంటుంది. ఎగిరినప్పుడు విమానం ఎన్నిసార్లు ఎంత 'జి' భారం (తన బరువుకి ఎన్ని రెట్లు) మోసిందో అది లెక్కపెడుతుంది. దిగగానే ఆ అంకెలు రాసుకుంటాం. ఒకే ఏడాది పుట్టిన రెండు విమానాల్లో ఒకటి కుర్రదిగా, ఇంకోటి ముసలిదిగా ఉండొచ్చు. నేలకి దగ్గరగా వేడి గాలి కుదుపుల్లో ఎగిరింది త్వరగా ముసలిదవుతుంది. జాగ్వార్ చేసే పనే అది. పాత వైరింగ్ ఇన్సులేషన్ పగలడం, రివెట్ రంధ్రాల చుట్టూ సన్నటి పగుళ్లు, ప్యానెల్ కింద తుప్పు, వీటికి ఇంజిన్ మార్పు మందు కాదు.

ఇంజిన్ ముసలిది కావడం ఎలా ఉంటుందో కూడా చెబుతాను, ఇది పుస్తకాల్లో తక్కువ దొరుకుతుంది. ఆయిల్ దారిలో ఒక అయస్కాంతపు ప్లగ్ ఉంటుంది, బొటనవేలంత. దాన్ని తీసి తెల్లగుడ్డ మీద తుడిచి భూతద్దంతో చూస్తాం. నల్లటి మెత్తని నూగు లాంటిది అంటుకుంటే పరవాలేదు, మామూలు అరుగుదల. మెరిసే రేకు ముక్క, సూది మొనంత ఉన్నా సరే, కనిపించిందంటే విమానం ఆగిపోయినట్టే. ఏదో బేరింగ్ పొర లేస్తోంది. ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి వెళ్తుంది, అందులో ఇనుమెంత, రాగెంత అని చూస్తారు. ఇనుము పెరిగితే ఒక భాగం మీద అనుమానం, రాగి పెరిగితే ఇంకో భాగం మీద. పాతబడిన ఇంజిన్లలో ఈ ప్లగ్ చూసే వ్యవధి దగ్గర పడుతూ వస్తుంది. విడిభాగాలు దొరకని రోజుల్లో ఇంకో ఇంజిన్‌లోంచి భాగం తీసి దీనికి పెట్టడం మొదలవుతుంది. ప్రపంచంలో జాగ్వార్ నడిపేది ఇప్పుడు మనమొక్కళ్లమే. ఫ్రాన్స్ 2005లో, బ్రిటన్ 2007లో, ఒమన్ 2014లో మానేశాయి. వాళ్ల దగ్గర మిగిలిన పాత విమానాలు, భాగాలు తెచ్చుకుని నెట్టుకొస్తున్నాం. 2025లోనే మార్చి, ఏప్రిల్, జులై నెలల్లో మూడు కూలాయి. అన్నిటికీ ఇంజినే కారణమని నేననడం లేదు, ఆ విచారణలు ఆ శాఖ చూసుకుంటుంది.

ఇప్పుడు తేదీల లెక్క వెయ్యి. ఒప్పందం అయ్యాక మొదటి విమానంలో బిగించి, ఎగరేసి, అన్ని ఎత్తుల్లో, అన్ని వేగాల్లో పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చేసరికి నాలుగైదేళ్లు సులభంగా పోతాయి. ఆ తర్వాత ఏడాదికి పది పదిహేను విమానాలు మార్చగలిగినా, వంద దగ్గర విమానాలకి ఇంకో ఏడెనిమిదేళ్లు. 2010లో మొదలెట్టి ఉంటే ఈపాటికి పూర్తయి ఇంకా చాలా ఏళ్లు వాడుకునేవాళ్లం. 2019లో మొదలెడితే ఆఖరి విమానానికి కొత్త ఇంజిన్ ఎక్కేసరికి మొదటి విమానం పదవీ విరమణకి సిద్ధంగా ఉంటుంది. బ్రిటిష్ వాళ్లకి సరిగ్గా ఇదే జరిగింది. తమ జాగ్వార్‌లకి మెరుగైన అడూర్ 106 ఇంజిన్లు 2000ల మొదట్లో పెట్టుకున్నారు, 2007కల్లా విమానాలనే ఇంటికి పంపేశారు. దానికి ఎదురు ఉదాహరణ సింగపూర్. ఏ-4 స్కైహాక్ పాత విమానాల్లో ఆఫ్టర్‌బర్నర్ లేని ఎఫ్404 పెట్టి, 1980ల చివర్లో సర్వీసులోకి తెచ్చి, 2000ల దాకా వాడుకున్నారు. విమానం పాతదే, కానీ పెట్టిన డబ్బుకి పదిహేనేళ్లకి పైగా పని రాబట్టారు. నన్నడిగితే విమానం వయసు ఎంత అని కాదు, మార్పు పూర్తయ్యాక ఇంకా ఎన్నేళ్లు ఎగురుతుంది అని అడగాలి.

ఇక ఆయుధాల సంగతి. ఇక్కడ మనవాళ్ల పని నిజంగా మెచ్చుకోదగ్గది. జాగ్వార్‌కి బ్రిటిష్ వాళ్లిచ్చిన మొదటి నావిగేషన్ వ్యవస్థ పక్కన పెట్టి, మనవాళ్లే డారిన్ అనే వ్యవస్థ చేశారు. తర్వాత డారిన్-2, ఆ తర్వాత డారిన్-3. డారిన్-3 విమానం 2012 నవంబర్‌లో తొలిసారి ఎగిరింది. 2017 ఆగస్టులో ఇజ్రాయెల్ ఈఎల్/ఎం-2052 రాడార్‌తో ఎగిరింది. మొదటి నుంచీ రాడారే లేని విమానం ముక్కులోకి ఆధునిక రాడార్ వచ్చిందంటే చిన్న విషయం కాదు. సముద్రం మీద పని చేసే జామ్‌నగర్ జాగ్వార్‌లకి మాత్రం ముందు నుంచీ రాడార్ ఉంది, వాటికి ఓడల్ని కొట్టే హార్పూన్ క్షిపణులు కూడా తీసుకున్నారు.

గాల్లో ఎదురయ్యే విమానాల కోసం 2014లో ఆస్రామ్ క్షిపణులు ఒప్పందం చేసుకున్నారు. జాగ్వార్‌లో అవి రెక్క పైన కూర్చుంటాయి. కింద బాంబులకి, ట్యాంకులకి చోటు వదిలి, పైన క్షిపణి పెట్టడం ఈ విమానం ప్రత్యేకత. కొత్త కుర్రాళ్లు మొదటిసారి చూసి తలకిందులుగా బిగించారేమో అనుకుంటారు.

తగిలించడం అని నువ్వు వాడిన మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. క్షిపణి పైలాన్‌కి (రెక్కకి ఆయుధం బిగించే చోటుకి) సరిగ్గా కూర్చోవడం మొదటి అడుగు. తర్వాత దాన్ని వదలకుండా మోసుకుంటూ ఎగిరి, ఆ కంపనాలకి లోపలి భాగాలు తట్టుకుంటాయా చూస్తారు. తర్వాత వదిలి చూస్తారు. వదిలిన వస్తువు బుద్ధిగా కిందికి పోకుండా గాలికి ఎగిరి తోకని కొట్టిన సందర్భాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి, అందుకే పక్కన ఇంకో విమానం కెమెరాతో ఎగురుతుంది. ఆఖరికి లక్ష్యం మీద ప్రయోగం. వీటన్నిటి వెనక మిషన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉంటుంది. విమానం ఎక్కడుందో, ఎంత వేగంలో ఉందో, లక్ష్యం ఎటుందో అదే క్షిపణికి చెప్పాలి. ఆ ప్రోగ్రామ్ విదేశీ కంపెనీ చేతిలో ఉంటే మన క్షిపణి మన విమానానికి ఎక్కాలన్నా వాళ్ల గుమ్మం ముందు నిలబడాలి, అడిగినంత ఇవ్వాలి. డారిన్ మన చేతిలో ఉంది కాబట్టే జాగ్వార్‌కి కొత్త ఆయుధాలు మనం ఎక్కించుకోగలుగుతున్నాం. నన్నడిగితే ఈ నలభై ఏళ్లలో జాగ్వార్‌కి జరిగిన అతి పెద్ద మేలు ఇదే.

బరువైన ఆయుధమైతే ఎయిర్‌ఫ్రేమ్ కూడా మార్చాలి. సుఖోయ్‌కి బ్రహ్మోస్ ఎక్కించినప్పుడు అదే చేశారు. రెండున్నర టన్నుల క్షిపణిని పొట్ట కింద మోయడానికి నిర్మాణాన్ని గట్టిపరిచారు. 2017 నవంబర్ 22న తొలి ప్రయోగం. 2020 జనవరిలో తంజావూరులో దానికోసమే స్క్వాడ్రన్ పెట్టారు. మన తిరుపతి నుంచి రైల్లో ఒక రాత్రి ప్రయాణం అంత దూరంలో.

చాలామంది గమనించని విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. కొత్త ఆయుధం ఒక్కోసారి కొత్త ఇంజిన్ అవసరాన్నే తగ్గిస్తుంది. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనా సంస్థ ఆర్‌సీఐ తయారు చేసిన సా అనే గ్లైడ్ బాంబు (ఇంజిన్ లేకుండా గాల్లో తేలుతూ వెళ్లేది) ఉంది, శత్రువు రన్‌వేలు పాడు చేయడానికి. బరువు 125 కిలోలు, వంద కిలోమీటర్ల దూరం నుంచి వదలొచ్చు. జాగ్వార్ నుంచే 2016లో మొదట పరీక్షించారు. పాత పద్ధతిలో రన్‌వే మీదికి వెళ్లి బాంబు వేయాలంటే టన్నుల కొద్దీ బరువు మోస్తూ, విమాన విధ్వంసక తుపాకుల మధ్యలోంచి దూసుకుపోయి, దెబ్బ తగలకుండా బయటపడాలి. దానికి ఇంజిన్ బలం కావాలి. వంద కిలోమీటర్ల ఇవతల నుంచి 125 కిలోల బాంబులు వదిలి వెనక్కి తిరిగే పనికి అంత బలం అక్కర్లేదు. ఇంజిన్ కోసం పదేళ్లు ఫైళ్లు తిరిగినంత కాలంలో ఆయుధాలు ఆ లోటులో కొంత భాగం పూడ్చేశాయి. 2019లో అధికారులు ఇలా ఆలోచించే వదిలేశారని నేను చెప్పలేను, బయటికి వచ్చిన కారణం ఖర్చే. నా లెక్కలో మాత్రం ఇదీ ఉంది. అలాగని టేకాఫ్ కష్టం పోలేదు. మే నెల మధ్యాహ్నం నిండా నింపుకుని పైకి లేవాలంటే ఇప్పటికీ అదే టెన్షన్.

కావేరి సంగతి రెండు ముక్కల్లో. అడూర్ చిన్న ఇంజిన్. కావేరి బరువు టన్ను పైమాటే, అడూర్ దానికి చాలా తక్కువ. పొడవు, లావు కూడా కావేరివే ఎక్కువ. జాగ్వార్ పొట్టలో ఆ గదిలోకి అది పట్టదు, పట్టించాలంటే పైన చెప్పిన కఫీర్ పని మొదలెట్టాలి. ఆఫ్టర్‌బర్నర్ లేని కావేరిని ఇప్పుడు పైలట్ లేని విమానాల కోసం తయారు చేస్తున్నారు, అది దానికి తగిన చోటు.

నీ ప్రాజెక్టుకి ఒక సలహా. అడూర్, ఎఫ్125 రెండింటి థ్రస్ట్ అంకెలు తీసుకుని 15 డిగ్రీలకి, 30కి, 42కి జాగ్వార్ టేకాఫ్ పరుగు ఎంత తేడా వస్తుందో లెక్కగట్టు. మీ గైడ్ మెచ్చుకుంటారు, ఇంటర్వ్యూల్లో చెప్పుకోవడానికీ పనికొస్తుంది. ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి బెంగళూరు హెచ్ఏఎల్ మ్యూజియం చూసిరా. అక్కడ మారుత్ ఉంది. దాని ఇన్‌టేక్ ముందు నిలబడి, లోపల ఎంత చోటుందో చూస్తే ఇంజిన్ మార్చడం ఎందుకు కష్టమో నేను రాసినదానికన్నా బాగా తెలుస్తుంది. చూసొచ్చాక సందేహాలుంటే ఇక్కడే అడుగమ్మా, రాస్తాను.